ప్లాస్టిక్ తొడిగిన ఊరు

ఇంగ్లండులో ఒక ఊరు నాకు బాగా తెలుసు. నేనెన్నడూ అక్కడికి పోలేదు, పోతానన్న ఆశ కూడా లేదు. అయినా ఆ ఊళ్ళో బస్సు దిగి ఎడమకు తిరిగితే చర్చి వస్తుందని, దాని వెనక సందులోంచి పోతే ఒకప్పుడు గుర్రాలు నీళ్ళు తాగిన కుంట వస్తుందని, ఆ కుంట పక్కనున్న కమ్మరి కొట్టం ఇప్పుడు ఎవరికో ఇల్లయిందని చెప్పగలను. రెండు గదుల బడి ఎక్కడుండేదో తెలుసు. రైలు రావటం మానేశాక స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఆలుగడ్డలు ఎవరు వేశారో కూడా తెలుసు. మా మండలంలోనే పక్క ఊరి గురించి ఎవరైనా ఇన్ని ప్రశ్నలు వేస్తే తెల్లముఖం వేస్తాను.

ఇదంతా ఏసీ ఫిల్టర్లు కడుగుతూ అబ్బిన చదువు. సౌదీలోని అల్ ఖోబర్‌లో అజీజియా వైపు, విదేశీయులుండే ఒక కాంపౌండులో నేను మెయింటెనెన్స్ పని చేస్తాను. ఏసీలు, కరెంటు, అప్పుడప్పుడు నల్లాలు. నాలుగో వరుస చివరి విల్లాలో ఒక ఇంగ్లీషు పెద్దాయన ఉండేవాడు. ఏదో శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పి చెప్పి జుట్టు తెల్లబడ్డ మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. మా రూములో అందరూ ఆయన్ని ‘ఇంగ్లీషు దొర’ అనేవాళ్ళు. దొర అన్న మాటకు మా జగిత్యాల వైపు మంచి పేరు లేదు కాబట్టి నేను మాత్రం సార్ అనేవాణ్ణి.

ఆయన ఏసీకి వచ్చినన్ని జబ్బులు ఆ కాంపౌండులో ఇంకే ఏసీకీ రాలేదు. ‘చప్పుడు వస్తోంది’ అని ఫోను. పోయి చూస్తే చప్పుడు లేదు. ‘చల్లగా లేదు’ అని ఫోను. పోయి చూస్తే రగ్గు కప్పుకునేంత చలి. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అర్థమైంది, చెడింది మిషను కాదు, మాట్లాడే మనిషి కరువయ్యాడు. అప్పటినుంచి ఫిల్టర్లు నింపాదిగా కడగటం నేర్చుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు, నేను స్టూలెక్కి పైన ఉండేవాణ్ణి. ఆరేళ్ళు అలా సాగింది. నా ఇంగ్లీషు ఎంత వచ్చిందో తెలియదు గాని, ఆయన ఊరు మాత్రం పూర్తిగా వచ్చేసింది.

ఆ ఊళ్ళో ప్రతి చేనుకూ ఒక పేరుండేదట. రాళ్ళు తప్ప ఏమీ పండని మెరకకు ఆకలి కొండ. మొగుడు పోయిన ఒకావిడ పంతం పట్టి దున్నుకున్న ముక్కకు ముండమోపి మూల. ఇవి విని నేను నవ్వాను. మా ఊళ్ళో లేవా? కుంటకింది మడి, దయ్యాల చెలక, ఎవరి తాత కల్లుకు అమ్ముకున్నాడో మరిచిపోనివ్వని కల్లు మడి. వాళ్ళ ఊరి పొలిమేరలో, పొద్దున పోతే చీకటికి గాని తిరిగి రాలేనంత దూరంలో ఒక చేనుండేదట. దానికి అరేబియా అని పేరు పెట్టుకున్నారట. 

“ఇంత దూరం వచ్చి చివరికి మా ఊరి చేలోనే ఉన్నాను చూశావా” అని ఆయన పకపకా నవ్వాడు. 

గుట్ట అవతల మాకూ ఒక బొంబాయి చెలక ఉందని చెప్పాను. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, పుస్తకం తెచ్చి రాసుకున్నాడు.

ఇన్ని సంగతులు ఆయన నోటి నుంచి ఊరికే రాలేదు. వాటన్నిటికీ ఒక ఆధారం ఉంది. ఆయన తల్లి గీసిన పటం. ఆమె ఆ ఊరి పోస్టుమనిషి. రెండో ప్రపంచయుద్ధానికి మగవాళ్ళు పోయినప్పుడు సంచి భుజాన వేసుకుని, వాళ్ళు తిరిగొచ్చాక కూడా దించలేదట. ప్రతి గడపా తెలిసిన మనిషి గనుక, పార్సిలు చుట్టే గోధుమరంగు కాగితం మీద పెన్సిలుతో ఊరంతా గీసింది. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ కుక్క కరుస్తుందో, ఏ గేటు కిర్రుమంటుందో అన్నీ రాసింది. ఇప్పుడా ఊళ్ళో ఐదారుగురు పెద్దవాళ్ళు కలిసి ఊరి చరిత్ర పుస్తకంగా తెస్తున్నారట. వాళ్ళకు ఈ పటం కావాలి. “నేను తిరిగొచ్చేటప్పుడు నా చేత్తో తెస్తాను” అని ఆయన మాటిచ్చాడు.

ఆ తిరిగిపోయే రోజు రానే వచ్చింది. సౌదీ వదిలి వెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్ పడింది, గురువారం విమానం. మోకాలికి ఆపరేషన్ అయి ఆయన కాలు కింద పెట్టలేని స్థితి. ఆదివారం నన్ను పిలిచి అట్టముక్కల మధ్య పెట్టిన పటాన్ని చేతికిచ్చాడు. మూడు కాపీలు తీయించాలి. ఫోనుతో ఫోటోలు తీస్తే పెన్సిలు గీతలు కనబడటం లేదట. 

“జాగ్రత్త, ఇది ప్రపంచంలో ఒక్కటే ఉంది” అన్నాడు.

ఆ మాట నన్ను ముంచింది. ఒక్కటే ఉన్న కాగితాన్ని ఏం చేయాలో మా వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లామినేషన్ చేయించాలి. మా ఇంట్లో పట్టా కాగితం చెదలు తిని సగమైతే, మిగిలిన సగం పట్టుకుని మా నాయన తహసీల్ ఆఫీసు చుట్టూ రెండేళ్ళు తిరిగాడు. అది చూసి పెరిగినవాణ్ణి. ఖోబర్‌లో మా రూము గోడ చూస్తే తెలుస్తుంది మా భక్తి: కొండగట్టు అంజన్న బొమ్మ లామినేషన్, ఆధార్ లామినేషన్, పెళ్ళిఫోటో లామినేషన్, గడువు దాటి నాలుగేళ్ళయిన గేటుపాసు కూడా లామినేషన్. నా ఐటీఐ సర్టిఫికెట్‌కు చేతికందిన రోజే ప్లాస్టిక్ తొడిగించాను. తర్వాత గల్ఫ్‌కు అటెస్టేషన్ కోసం పోతే, ప్లాస్టిక్ మీద ముద్ర పడదు పొమ్మన్నారు. డూప్లికేట్ కోసం నానా తిప్పలు పడ్డాను. అంత జరిగాక ఎవడికైనా బుద్ధి రావాలి. నాకు రాలేదు.

అజీజియాలో స్టేషనరీ కొట్టు ఒక మలయాళీ ఆయనది. ఆ సాయంత్రం నేను పోయేసరికి మగ్రిబ్ నమాజుకు షట్టర్ దించబోతున్నాడు. అట్టలు విప్పి చూపించాను. మడతల దగ్గర కాగితం చిరిగి, అంచులు అప్పడంలా రాలుతున్నాయి. 

“మూడు కలర్ కాపీలు తియ్యి భాయ్, దీన్ని మంచిగా లామినేషన్ చెయ్యి” అని హిందీలో చెప్పాను. ఆయన ఒకసారి కాగితం వైపు, ఒకసారి నా వైపు చూసి తలూపాడు. రాత్రి ఇషా నమాజు తర్వాత పోతే ఆయన లేడు. కొట్లో ఉండే రెండో మనిషి గుండ్రంగా చుట్టిన కట్ట చేతికిచ్చాడు. ట్యూబులైటు కింద విప్పి చూసుకున్నాను. ప్లాస్టిక్ కింద ఊరంతా నిగనిగలాడుతోంది. వందేళ్ళ దాకా చీమ కూడా దీన్ని ముట్టదనుకుని, మనసులో నా భుజం నేనే తట్టుకున్నాను.

మరునాడు పొద్దున పెద్దాయన సోఫాలో కాలు చాపుకుని ఉన్నాడు. కట్ట ఇచ్చి, మెచ్చుకోలు కోసం ఎదురుగా నిలబడ్డాను. ఆయన విప్పాడు. ముఖంలో రంగు పోయింది.

“ఇదేంటి?”

“లామినేషన్ సార్. ఇంక నీళ్ళు పడ్డా ఏం కాదు.”

ఆయన చూపుడు వేలితో ప్లాస్టిక్ మీద మెల్లగా తడిమాడు. చర్చి దగ్గర, కుంట దగ్గర, మళ్ళీ చర్చి దగ్గర. 

“మా అమ్మ పెన్సిలు బాగా నొక్కి రాసేది. వేలు పెడితే తెలిసేది. ఇప్పుడు తెలియటం లేదు” అన్నాడు.

కాగితాన్ని వేడికి పెడితే ఏమవుతుందో, జిగురు దానికెలా పట్టుకుంటుందో చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. ఇంక దాన్ని బయటికి తీయటం కుదరదు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నేను జవాబు చెప్పగలను. 

“నువ్వు మంచికే చేశావని తెలుసు. కాసేపు నన్నొక్కణ్ణి వదిలెయ్” అన్నాడు. పటాన్ని బల్లమీద పెట్టి కిటికీ వైపు తిరిగాడు.

ఆ రోజు మూడు విల్లాల్లో పని చేశాను, ఏం చేశానో గుర్తులేదు. మేనేజరుకు చెబితే నా ఉద్యోగం పోతుందేమోనన్న భయం మొదట వచ్చింది. సిగ్గుతో చెబుతున్నాను, ముందు వచ్చింది అదే. కాని సాయంత్రమయ్యేసరికి ఆ భయం పక్కకు పోయి, ఆ వేలు కళ్ళముందు నిలిచింది. ఆయన తల్లి చేతిరాత ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాన్ని నేను వేయించి పెట్టాను.

రూములో నాతో ఉండే అన్న మా పక్క మండలం వాడు, నాకన్నా పదేళ్ళు పెద్ద. విషయం చెప్పగానే తల పట్టుకున్నాడు.

“పాత కాయితాన్ని గరం మిషిన్ల పెట్టిపిచ్చినవా? నీకేమన్న మతి ఉన్నదా తమ్మీ?”

“ఆయన ఒక్కటే ఉన్నదన్నడన్నా. ఖరాబ్ కావద్దని...”

“ఆగు, ఇస్త్రీపెట్టె పెడితె ఊడుతదేమో చూద్దాం.”

గోడమీది గడువు దాటిన గేటుపాసు తెచ్చి దానిమీద ఇస్త్రీపెట్టె పెట్టాం. ప్లాస్టిక్ ముడుచుకుంది. లాగితే కాగితం పెనానికంటిన దోసెలా ముక్కలు ముక్కలుగా వచ్చింది. నా ఫోటోలో ముక్కు దానితో పోయింది. అన్న ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేశాడు.

“పోయి కాళ్ళు మొక్కు. ఇంకేం జెయ్యలేం” అన్నాడు చివరికి.

మంగళవారం పొద్దున ఏసీకి కెపాసిటర్ కొనాలన్న వంకతో పికప్ తీసుకుని బజారుకు పోయాను. అసలు పని వేరు. తప్పు నాదని తెలిసినా, దాన్ని ఎవరో ఒకరి మీద దించితే తప్ప నిలవలేని కోపం నాది. చిన్నప్పటినుంచీ అంతే, కాలికి రాయి తగిలితే రాయిని తిట్టే రకం. కొట్లో అడుగు పెట్టగానే అందుకున్నాను. నేనంటే ఏసీలు బాగుచేసుకునేవాణ్ణి, నువ్వు కాగితాల వ్యాపారం చేసేవాడివి, నీకు తెలియదా, అంత పాత కాగితాన్ని మిషన్లో ఎలా పెట్టావు, వద్దని ఒక్క మాట అంటే నీ నోరు అరిగిపోతుందా అని హిందీలో ఉన్న మాటలన్నీ వాడాను. అవి అయిపోయాక తెలుగు కూడా కలిపాను.

మలయాళీ ఆయన కదల్లేదు. నేను ఊపిరి తీసుకోవటానికి ఆగినప్పుడు కౌంటర్ కింది సొరుగు లాగాడు. అందులోంచి రెండు అట్టముక్కలు తీశాడు. అట్టల మధ్య, మడతలతో, రాలే అంచులతో, గోధుమరంగు కాగితం.

“పెట్టలేదు” అన్నాడు.

వంగి చూశాను, అదే పటం.

ఆయనే చెప్పాడు. పని నేర్చుకునే రోజుల్లో తమ తాత భూమి దస్తావేజును తన చేత్తోనే మిషన్లో పెట్టాడట. సిరా అలికినట్టయింది. తండ్రి ఆ కాగితాన్ని చూసి ఏడ్చాడట. అప్పటినుంచి పాతకాగితం ఎవరు తెచ్చినా ఆయన మిషను దగ్గరికి పోనివ్వడు. నేను తెచ్చిన రోజు నాతో వాదించే టైము లేదు, నమాజు వేళ. అందుకని ఊరికే తలూపి, నాలుగు కలర్ కాపీలు తీసి, నాలుగోదానికి ప్లాస్టిక్ తొడిగాడు. అసలుది వేరుగా ఇవ్వమని రెండో మనిషికి చెప్పి లోడు దించటానికి పోయాడు. అతను మరిచిపోయాడు. నిన్నటినుంచి ఈయన నాకోసమే చూస్తున్నాడు, నా ఫోను నంబరు తెలియదు.

“మీరు వెనక్కి తిప్పి చూడలేదా భాయ్? దీని వెనక అంతా రాత ఉంది. లామినేషన్‌ది వెనక తెల్లగా ఉంటుంది కదా!”

తిప్పి చూడలేదు. నేనూ చూడలేదు, పెద్దాయనా చూడలేదు. కౌంటర్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను. తిట్టిన తిట్లన్నిటికీ కలిపి ఆ మనిషిని కావలించుకున్నాను. కెపాసిటర్ కొనే వంకతో వచ్చానని ఒప్పుకున్నాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, “కెపాసిటర్ పక్క కొట్లో దొరుకుతుంది” అన్నాడు.

పికప్‌ను అంత మెల్లగా నేనెప్పుడూ నడపలేదు. పక్క సీటులో అట్టలు పెట్టి, వాటికి సీటు బెల్టు కూడా పెట్టాను. కెపాసిటర్ సంగతి మరిచేపోయాను.

పెద్దాయనకు ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూ పోయి, తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టాను. అట్టలు ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన పైఅట్ట తీసి చూసి, వేలు పెట్టి చర్చి మీద తడిమాడు. కళ్ళు మూసుకున్నాడు. 

“ఉంది. మా అమ్మ ఉంది” అన్నాడు. 

నాకు ఏడుపు ఆగలేదు. నలభై ఆరేళ్ళవాణ్ణి, ఆయన సోఫా చేతిని పట్టుకుని ఏడ్చాను. గుండెల మీదినుంచి బస్తా దించినట్టయింది. ఆయన నా తలమీద చెయ్యి వేశాడు.

కాసేపయ్యాక కొట్టు కథంతా చెప్పాను. లామినేషన్‌దాన్ని ఎందుకు తిప్పి చూడలేదని అడిగాను. 

“ధైర్యం చాలలేదు. వెనకదే ఎక్కువ ముఖ్యం, అదీ పాడైపోయి ఉంటుందని భయపడ్డాను” అన్నాడు.

లామినేషన్‌దాన్ని మడిచి చెత్తబుట్టలో వేయబోతే ఆయన పట్టుకున్నాడు. “మా ఊళ్ళో వానకు నిలిచేది ఇదొక్కటే” అని అదీ పెట్టెలో పెట్టుకున్నాడు. ఆ మాట సరదాకు అన్నాడనుకున్నాను. ఆయన వెళ్ళిన కొన్ని నెలలకు ఒక ఫోటో పంపాడు. అసలు పటం ఊరి హాల్లో అద్దం వెనక క్షేమంగా ఉందట. నా ఘనకార్యం మాత్రం బస్టాపులో బోర్డుకు కొట్టారు. వాన కురుస్తోంది, గొడుగేసుకున్న ఒకావిడ వంగి దానిమీద ఏదో ఇల్లు వెతుక్కుంటోంది. మా రూము అన్నకు చూపిస్తే, “చూసినవా, మన లామినేషన్ విలాయత్ పోయింది, మనమే పోలే” అన్నాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆ మంగళవారం ఆయన పటాన్ని బోర్లించి, వెనకవైపు రాత నాకు చదివి వినిపించాడు. పదకొండు ఇళ్ళు. పక్కన మనుషుల పేర్లు.

“ఇవేం ఇళ్ళు సార్?”

“ఉత్తరాలు రాని ఇళ్ళు.”

ఎవరూ రాసేవాళ్ళు లేని మనుషుల ఇళ్ళట అవి. వారానికి రెండుసార్లు ఆ పోస్టుమనిషి ఆ తలుపులు కూడా తట్టేది. ‘ఈరోజు ఏమీ లేదు’ అని చెప్పటానికి. చెప్పి, లోపల కాసేపు కూర్చునేది. అందులో ఒక ఇంటివాళ్ళ కొడుకు యుద్ధంలో చనిపోయాడు. ఆ గడపకు ఇంక ఉత్తరం రాదని ఆమెకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా పందొమ్మిదేళ్ళు ఆ తలుపు తట్టింది. ఇంటికి ఆలస్యంగా వస్తోందని చిన్నప్పుడు ఈయన తల్లి మీద కోప్పడేవాడట. 

“ఏమీ లేదని చెప్పటానికి అంతసేపా అని అడిగేవాణ్ణి” అని, కాగితాన్ని మళ్ళీ అట్టల మధ్య పెట్టాడు.

నేను బయటికొచ్చి కార్ల షెడ్డు నీడలో నిలబడ్డాను. ఊరికి ఫోను చేసే రోజు శుక్రవారం. మధ్యలో చేశానంటే ఏదో ఒకటి జరిగి ఉండాలి: ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు గొడవో, ఒంట్లో బాగుండకపోవటమో. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. ఫోను తీసి నా భార్యకు చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

“ఏమైంది? పానం మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్న.”

“ఇకామా కిరికిరి ఏమన్న అయిందా? కంపెనోళ్ళేమన్న అన్నరా?”

“ఏం కాలే. ఊకెనే చేసిన.”

అటువైపు గట్టిగా ఊపిరి వదిలిన శబ్దం వినిపించింది.

“పానం జల్లుమన్నది నాకు. ఊకెనే చేసుడేంది?”

“ఏం లేదని చెప్దామని చేసిన. నువ్వే చెప్పు, ఏం చేస్తున్నవ్?”

బియ్యంలో రాళ్ళేరుతోందట. పక్కింటివాళ్ళ బర్రె ఈనిందట, దూడ నల్లగా ముద్దుగా ఉందట. గ్యాసు అయిపోతే కట్టెలపొయ్యి మీద వండుతోందట, కూరకు రుచి వేరే వస్తోందట. శుక్రవారం ఫోనులో ఇవేవీ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎండ నీడలోకి జరిగి నా బూట్ల మీదికి వచ్చేదాకా అలాగే నిలబడి విన్నాను. ఇంక పనికి పోవాలని చెప్పాను.

ఆమె ఫోను పెట్టలేదు.

“రేపు గూడ ఊకెనే చేస్తవా?” అంది.